గుండు జీడిపప్పు ధర ఎందుకెక్కువంటే

మా గల్లీ అమ్మాయి ఒకతె ఊరి బయట మాన్కోలిలో పని చేస్తుంది. పెద్ద గోదాము, తెల్లటి లైట్లు, పార్సిళ్ల మీది గీతలు చదివే చిన్న మెషిన్ చేతిలో. డ్యూటీ అయ్యాక బయటికొచ్చే ముందు వాళ్లందరినీ వరుసగా నిలబెట్టి ఒంటినిండా తడిమి చూస్తారట. మొన్న మా గుమ్మంలో కూర్చుని టీ తాగుతూ, ఇవాళ వాన పడిందన్నంత మామూలుగా చెప్పింది.

"రోజూ చూస్తరా?" అని అడిగాను.

"రోజూ చూస్తరు పెద్దమ్మా. అందరికీ చెకింగ్ ఉంటది. ఆదత్ అయిపోయింది."

ఆ మాట నాకు మింగుడు పడలేదు. ఈ ఊళ్లో అలవాటు చేసుకోక తప్పనివి చాలానే ఉన్నాయి. మగ్గాల చప్పుడులో నిద్రపోవడం నేర్చుకున్నాం. వానాకాలంలో ఇంట్లోకొచ్చే నీళ్లను ఎత్తి పోసుకోవడం నేర్చుకున్నాం. ఇది మాత్రం నేర్చుకోవలసింది కాదు. అదే మాన్కోలిలో, ఆమె పుట్టకముందు, మేం కొంతమంది ఆడవాళ్లం దీన్ని అలవాటు చేసుకోము అన్నాం. ఆ అమ్మాయికి టీ చల్లారేలోపు చెప్పలేకపోయాను. అందుకని ఇక్కడ చెబుతున్నాను. ఆమెలాంటి వాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు కాబట్టి వాళ్లందరికీ.

నాది ఉద్యోగమని ఎవరూ అనలేదు. ఆఫీసు లేదు, కుర్చీ లేదు. పొద్దున టిఫిన్ డబ్బా కట్టుకుని వెళ్లి, సాయంత్రం నడుం విరిగేలా అలసిపోయి వచ్చేదాన్ని, ఏళ్ల తరబడి. దాన్ని ఉద్యోగమనకపోతే ఇంకేమనాలో నాకు తెలియదు.

మాది సిరిసిల్ల పక్కన పల్లె. పెళ్లయ్యాక బొంబాయి దగ్గరి ఈ మగ్గాల ఊరికి, కామత్‌ఘర్ పేటకు వచ్చాను. మా ఆయన కారఖానాలో మగ్గాలు నడిపేవాడు, నేను ఇంటి దగ్గర కండెలు చుట్టేదాన్ని. తొంభైల చివరికొచ్చేసరికి మగ్గాలకు మందీ పట్టింది. వారంలో సగం రోజులు కారఖానా మూతపడేది. నూలు లేకపోతే కండెలూ లేవు. అప్పుడు మా వాడ ఆడవాళ్లు కొందరు ఒక టెంపోలో ఇరుక్కుని మాన్కోలి గోదాములకు పోవడం మొదలుపెట్టారు. వాళ్లతో నేనూ ఎక్కాను.

నాకు పని దొరికింది జీడిపప్పు గోదాములో. కొంకణ్ నుంచి, ఇంకా దక్షిణం నుంచి పప్పు పెద్ద టిన్నుల్లో వచ్చేది. ఆ టిన్నులు విప్పి, పప్పును పొడవాటి బల్ల మీద పోసి, ఏరి, డబ్బాల్లో నింపడం మా పని. విరగని గుండ్లు ఒకవైపు, రెండుగా చీలిన బద్దలు ఒకవైపు, ముక్కలు ఒకవైపు. గుండ్లు బొంబాయి బజారుకు, కంపెనీలు దీపావళికి పంచే కానుక డబ్బాలకు పోయేవి. ముక్కలు మిఠాయి దుకాణాలకు, బేకరీలకు. కొన్నాళ్లకు నన్ను ముకాదంను, అంటే కూలీల మీద పెద్దను చేశారు. గొప్ప పదవేం కాదు. అందరికన్నా ముందు రావాలి, అందరికన్నా వెనక పోవాలి, ఎవరు తప్పు చేసినా ముందు నేను తిట్లు తినాలి.

అక్కడ నాతో పనిచేసిన వాళ్లలో ఇద్దరి గురించి చెప్పాలి.

ఒకామెను మేం టెంఘర్ అక్క అనేవాళ్లం, ఇల్లు ఆ పేటలోనే కాబట్టి. నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం వాళ్లది. పొడుగు మనిషి, తక్కువ మాట. సీజన్‌లో ఆదివారం కూడా రమ్మంటే చర్చికి పోయి వచ్చాకే బల్ల దగ్గర కూర్చునేది. ఎందుకు ఆలస్యమైందని అడిగితే, "ముందు దేవునికి చెప్పి వచ్చిన, ఇప్పుడు మీకు చెప్తున్న" అనేది. అంతకుమించి సంజాయిషీ ఉండేది కాదు.

రెండో ఆమె కొంకణ్ నుంచి వచ్చిన మరాఠీ మనిషి. వయసులో అందరికన్నా పెద్ద. మేమంతా మావ్‌షి అని పిలిచేవాళ్లం, అంటే పిన్ని. ఆమె వేళ్ల కొసలు బొగ్గు పట్టుకున్నట్టు నల్లగా ఉండేవి. చిన్నప్పటి నుంచి ఊళ్లో జీడిగింజలు కొట్టే పని చేసిందట.

మా బల్ల దగ్గర కొత్తగా చేరిన ఒక కోడలు పిల్ల ఒకరోజు అడిగింది. "ఒక్కటే చెట్టుకు కాసింది గద. ఇరిగితె తక్కువ ధర, ఇరగకుంటె ఎక్కువ ధర. గట్లెందుకు?"

మావ్‌షికి తెలుగు అర్థమయ్యేది, మాట్లాడటం రాదు. జవాబుగా ఆ పిల్ల ముందు తన చేతులు చాపింది. తర్వాత తన మరాఠీ హిందీ కలగలుపులో చెప్పింది. గింజ పెంకును ఒక్కొక్కటిగా కొట్టి తీయాలి. దెబ్బ కొంచెం ఎక్కువైతే లోపలి పప్పు పగులుతుంది, తక్కువైతే పెంకు రాదు. పెంకులో ఉండే నూనె తగిలితే చర్మం కాలి పొరలుగా ఊడిపోతుంది. తర్వాత పప్పును ఆరబెట్టాలి. పైనున్న పల్చటి పొట్టు వేళ్లతో ఒలవాలి. ఏరాలి, నింపాలి, లారీ ఎక్కించాలి, దించాలి. ప్రతిచోటా కొన్ని విరుగుతూనే ఉంటాయి. ఇందరి చేతులు దాటి, ఎక్కడా దెబ్బ తినకుండా చివరిదాకా వచ్చినవి కొన్నే. అవే గుండ్లు. తక్కువ మిగులుతాయి కాబట్టి ఎక్కువ ధర. పైగా కానుక డబ్బా మూత తీయగానే గుండ్లు కనిపిస్తే ఇచ్చిన వాడికి పరువు.

ఇదంతా మావ్‌షి చెప్పింది. ఆమె చెప్పనిది ఒకటుంది, అది నేను చెబుతున్నాను. గుండు ధర అంటే ఇందరు ఆడవాళ్లు చూపిన జాగ్రత్త ధర. ఆ ధరలో జాగ్రత్త చూపిన వాళ్లకు వచ్చేది ఏమీ లేదు. మాకు గుండ్లు ఏరినా అదే కూలి, ముక్కలు ఏరినా అదే కూలి.

ఆ ఏడు గోదాము యజమాని అయిన మా ముసలి సేఠ్ తన అల్లుణ్ని తెచ్చి గోదాముకు మేనేజర్‌ను చేశాడు. ఎదురుగా సార్ అనేవాళ్లం, వెనక జమాయి, అంటే అల్లుడు, అనుకునేవాళ్లం. వచ్చీ రాగానే ఖర్చు తగ్గించే పనిలో పడ్డాడు. ఇంకో చిన్న గోదాము ఖాళీ చేయించి, అక్కడి టిన్నులన్నీ మా గోదాములోనే పైకప్పు రేకుల దాకా ఎత్తించాడు. గట్టి డబ్బాల బదులు పల్చటి అట్ట పెట్టెలు తెప్పించాడు. వేడి రేకుల కింద ఉన్న పప్పు పెళుసుబారి గాజులా అవుతుంది. అట్ట పెట్టెలు ఒకదాని మీద ఒకటి పేరిస్తే అడుగువి నలుగుతాయి. ఈ మాట నేను చెప్పాను, హమాలీలు చెప్పారు, లెక్కలు రాసే మునీమ్ కూడా చెప్పాడు. "దేఖేంగే" అన్నాడు జమాయి. చూద్దాం అని దాని అర్థం. మా గోదాములో ఆ మాటకు చూడము అనే అర్థం.

దీపావళికి ఒక పెద్ద కంపెనీ కానుక డబ్బాల ఆర్డర్ ఇచ్చింది. మొదటి విడత పంపాం. వారం తిరక్కుండానే ఆ డబ్బాలు వెనక్కి వచ్చాయి. జమాయి మమ్మల్నందరినీ పిలిచి ఒక డబ్బా విప్పి బల్ల మీద బోర్లించాడు. పైన గుండ్లే ఉన్నాయి, కింద సగానికి సగం ముక్కలు.

"సాబుత్ కహా గయా?" అన్నాడు. గుండ్లు ఎక్కడికి పోయాయని.

ముకాదంను కాబట్టి నేనే మాట్లాడాలి. "ఎక్కడికీ పోలేదు సార్. అందులోనే ఉన్నాయి, విరిగి ఉన్నాయి" అని నాకు వచ్చిన హిందీలో చెప్పాను.

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. జమాయి మొహం ఎర్రబడింది. గుండ్లు మేం కాజేసి, బరువు సరిపోవడానికి ముక్కలు పోశామన్నాడు. ఆ రోజు నుంచి పని అయ్యాక గేటు దగ్గర అందరికీ తలాశీ ఉంటుందన్నాడు. ఒంటి మీద చూస్తారు, కొంగు విప్పి చూస్తారు, టిఫిన్ డబ్బాలు విప్పి చూస్తారు.

ఆయనకు అసలు సంగతి తెలియక కాదు. తెలుసు. కానీ కంపెనీకీ మామగారికీ ఏదో ఒకటి చెప్పుకోవాలి. తాను కొన్న అట్ట పెట్టె మంచిది కాదని చెప్పడం కన్నా, ఆడకూలీలు దొంగలని చెప్పడం ఆయనకు సులువైంది.

ఆ సాయంత్రమే మొదలైంది. తలాశీకి వాచ్‌మన్ పెళ్లాన్ని పెట్టారు. పక్కనే కర్ర పట్టుకుని వాచ్‌మన్. ఎదురుగా లారీ ఎక్కి కూర్చుని చూస్తున్న మగవాళ్లు. ఏం జరుగుతోందో మాకు పూర్తిగా తెలిసేలోపే వరుస కదిలింది. ఒక్కొక్కరూ చేతులు పైకెత్తి నిలబడ్డారు. నేనూ నిలబడ్డాను.

మావ్‌షి వంతు వచ్చింది. ఆమెకు మిశ్రీ అలవాటు. కాల్చిన పొగాకు పొడి, పళ్లకు రుద్దుకుంటారు. దాన్ని చిన్న రేకు డబ్బాలో పోసుకుని నడుముకు దోపుకునేది. వాచ్‌మన్ ఆ డబ్బా తీసుకుని, అడుగున ఏమన్నా దాచిందేమోనని పొడి అంతా నేల మీద గుమ్మరించి కర్రతో కెలికాడు. లారీ మీద నుంచి ఎవరో నవ్వారు. మావ్‌షి ఖాళీ డబ్బాకు మూత పెట్టి మళ్లీ నడుముకు దోపుకుని ముందుకు నడిచింది.

టెంపో ఎక్కాం. సగం దారిలో టెంఘర్ అక్క నా వైపు తిరిగింది.

"రేపు పనికొస్త. పొద్దుమీకి గేటు కాడ మాత్రం చూపియ్య."

"చూపియ్యకుంటె ఇంటికి పొమ్మంటడు అక్కా."

"పొమ్మంటె పోత."

"పోయి ఏం తింటవ్? మీ ఇంట్ల గూడ మగ్గం బందే గద."

"తినక పండుడు నాకు కొత్త గాదు చెల్లె. గిట్ల చేతులెత్తి నిలవడుడు కొత్త. ఇది నాకు పాతది గావద్దు."

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. నూలు రాక ఆ వారమంతా ఆయన ఖాళీగానే ఉన్నాడు. నా కూలి మీదే పొయ్యి వెలుగుతోంది. మర్నాడు పొద్దున నేను లేచేసరికి నా టిఫిన్ డబ్బా కట్టి గడప దగ్గర పెట్టి ఉంది. పెళ్లైన ఇన్నేళ్లలో ఆయన ఆ పని ఎప్పుడూ చేయలేదు. చెప్పులేసుకుంటుంటే, "నీకేది మంచిగనిపిస్తె గది చెయ్యి" అన్నాడు. అంతే.

గోదాములో అడుగుపెట్టగానే జమాయి నన్ను తన గదిలోకి పిలిచాడు. కూర్చోమని కుర్చీ కూడా చూపించాడు. అప్పుడే అనుకున్నాను, ఇదేదో మంచి పిలుపు కాదని.

"ఏక్ నామ్ దో" అన్నాడు. "బాకీ సబ్ ఛూట్ జాయేంగే." ఒక్క పేరు చెబితే చాలు, మిగతా అందరికీ తలాశీ మానేస్తాడట. ఆ పేరు కూడా ఆయనే అందించాడు. ఆ నల్లచేతుల ముసలిది ఉంది కదా, ఆమె పేరు చెప్పమన్నాడు. ఊళ్లో జీడి కారఖానాలో పనిచేసి వచ్చింది, ఇలాంటివన్నీ ఆమెకు తెలుసన్నాడు.

"ఆ చేతులు నల్లబడింది మీ పప్పు తెల్లగా రావడానికే సార్" అన్నాను. హిందీలో ఎంత సరిగ్గా అన్నానో తెలియదు. ఆయనకు మాత్రం అర్థమైంది. సాయంత్రం దాకా ఆలోచించుకో అన్నాడు. ఆలోచించడానికి ఏముందని? లేచి వచ్చేశాను.

బల్ల దగ్గర పప్పు ఏరుతూనే అందరికీ సంగతి చెప్పాను. పేరు అడిగాడని చెప్పాను. ఎవరి పేరు అడిగాడో చెప్పలేదు. కానీ మావ్‌షి తల ఎత్తి నా మొహం చూసింది, ఆమెకు తెలిసిపోయింది. చేతిలో ఉన్న గుండును పక్కన పెట్టింది. తర్వాత మెల్లగా అంది. మాల్ మనమొక్కళ్లమే ముట్టుకుంటున్నామా? హమాలీ ముట్టుకుంటాడు, డ్రైవర్ ముట్టుకుంటాడు, మునీమ్ ముట్టుకుంటాడు, సార్ ముట్టుకుంటాడు. తలాశీ మన ఒక్కళ్లకే ఎందుకు?

దానికి జవాబు చెప్పాల్సింది మేం కాదు కదా.

సాయంత్రం గంట కొట్టారు. వరుసలో అందరికన్నా వెనక పోవాల్సిన నేను ఆ రోజు అందరికన్నా ముందు నిలబడ్డాను. నా వెనక టెంఘర్ అక్క, ఆమె వెనక మావ్‌షి. వాచ్‌మన్ పెళ్లాం చేతులు చాపింది. ఆమెకూ ఆ పని ఇష్టం లేదని ఆమె కళ్లలోనే తెలుస్తోంది. ఆమె మీద నాకు కోపం లేదు.

"ఆగు వదినా" అన్నాను ఆమెతో. జమాయి గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆయన వైపు తిరిగి, మేం చూపించం అనడం లేదు సార్, చూపిస్తాం, కానీ మాల్ ముట్టుకున్న వాళ్లందరూ చూపించాలి, పై నుంచి మొదలుపెట్టండి, ముందు మీరు, తర్వాత మునీమ్, తర్వాత డ్రైవర్లు, హమాలీలు, ఆ తర్వాత మేం అని చెప్పాను.

ముందు ఆయన నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి ఆపేశాడు. "మాలిక్ కీ తలాశీ లేగీ తూ?" అన్నాడు. యజమానినే వెతుకుతావా నువ్వు అని. అంతవరకు కాస్త మర్యాదగా తుమ్ అనేవాడు, ఆ రోజు తూ అయింది. లారీ మీద నవ్విన మగవాళ్లు ఇప్పుడు నవ్వడం లేదు. వాళ్ల పేర్లు కూడా నా వరుసలో ఉన్నాయి కదా.

"బయటికి పోండి, రేపటి నుంచి రావద్దు" అన్నాడు జమాయి.

"పోవాల్నంటె తలాశీ గావాలె గద సార్" అంది టెంఘర్ అక్క. ఆమె ఎప్పుడూ ఆయనతో తెలుగులోనే మాట్లాడేది, అర్థం చేసుకోవడం ఆయన పని అన్నట్టు. "మేం ఇక్కడ్నే ఉన్నం. మీరు కానియ్యుండ్రి."

అందరూ ఉన్నచోటనే కూర్చున్నారు. గేటు దగ్గర నేల మీద, టిఫిన్ డబ్బాలు ఒళ్లో పెట్టుకుని.

అప్పుడు ముసలి సేఠ్ కారు వచ్చింది. ఆయన సాయంత్రాలు వచ్చి దేవుడి పటం ముందు అగరుబత్తి ముట్టించి, బల్లల మధ్య ఒకసారి తిరిగి పోయేవాడు. కారు దిగి మమ్మల్ని చూసి ఆగిపోయాడు. అల్లుడు పరుగున పోయి చెవిలో ఏదో చెప్పాడు. సేఠ్ నన్ను పిలిచి, నీ మాట ఏమిటని అడిగాడు. నేను జమాయికి చెప్పిందే మళ్లీ చెప్పాను. ఒక్క మాట కూడా తగ్గించలేదు.

సేఠ్ గోదాము లోపలికి ఓసారి తొంగి చూశాడు. ఆయన ధర్మాత్ముడేమీ కాదు. వ్యాపారం చేసేవాడు. వెనక్కి వచ్చిన డబ్బాలు, రేకుల దాకా ఎత్తిన టిన్నులు, దగ్గరపడుతున్న దీపావళి, నేల మీద కూర్చున్న మేం, అన్నీ ఆయన లెక్క వేసుకుంటున్నాడని నాకు తెలుసు. చివరికి, "ఠీక్ హై, ముందు నాది చూడండి" అన్నాడు.

కుర్తా జేబులో చేయి పెట్టి తాళాల గుత్తి తీశాడు. కళ్లజోడు డబ్బా తీశాడు. రుమాలు తీశాడు. రుమాలుతో పాటు జేబు గుడ్డ కూడా బయటికి తిరగబడింది. దాంట్లోంచి జీడిపప్పులు కొన్ని టపటపా నేల మీద రాలాయి.

అన్నీ గుండ్లే.

అందరం వాటి వైపు వంగి చూశాం. సేఠ్ కూడా వాటిని కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. తిరిగేటప్పుడు బల్ల మీంచి తీసి జేబులో వేసుకోవడం ఆయనకే తెలియని అలవాటయి ఉంటుంది, ఇవి అంతకుముందు రోజువి కాబోలు. ముందుగా నవ్వింది మావ్‌షి. నిన్నటి నుంచి నోరు విప్పి నవ్వని మనిషి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు అదిరేలా నవ్వింది. తర్వాత వాచ్‌మన్ పెళ్లాం. తర్వాత అందరం.

"అరే, మేరా మాల్ హై" అన్నాడు సేఠ్ ఉడుక్కుంటూ. నా సరుకే కదా అని.

"మీదే సేఠ్‌జీ. తినొద్దని మేం అనలేదు. జేబు చూపించమన్నాం, అంతే" అన్నాను.

టెంఘర్ అక్క జమాయి వైపు తిరిగింది. "ఇగ మీది, సార్."

జమాయి తన జేబులో చేయి పెట్టలేదు. గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు. అందులో ఏముందో నాకు ఈ రోజుకీ తెలియదు, బహుశా ఏమీ ఉండి ఉండదు. ఉన్నా లేకపోయినా ఒంటి మీద చేయి వేయించుకోవడం ఎలా ఉంటుందో ఆయనకు తెలిసిందని మాత్రం తలుపు చప్పుడులో వినిపించింది. సేఠ్ గేటు తీయమన్నాడు. మేం చీరలు దులుపుకుని, ఎవరూ ముట్టుకోకుండా బయటికి నడిచాం.

కథ ఇక్కడ ముగిస్తే బాగుండేది. కానీ మర్నాడు కూడా పని ఉంది.

పొద్దున వెళ్లేసరికి జమాయి నా కోసమే ఎదురుచూస్తున్నాడు. నేనిక ముకాదంను కాదన్నాడు. గుండ్ల బల్ల దగ్గర నాకు చోటు లేదన్నాడు. వెనక షెడ్డులో ముక్కలు జల్లెడ పట్టమన్నాడు. ఆ షెడ్డు గాలాడని కొట్టం, కళ్లలో ముక్కులో పొట్టు ధూళి. తప్పు చేసిన వాళ్లను పంపే చోటు. నేను పోయి జల్లెడ ముందు కూర్చున్నాను. తలాశీ ఆగింది, నా చోటు పోయింది, లెక్క సరిపోయిందని సర్దిచెప్పుకున్నాను.

కాసేపటికి గుమ్మం దగ్గర నీడ పడింది. టెంఘర్ అక్క వచ్చింది. ఇంకో జల్లెడ తీసుకుని నా పక్కన కూర్చుంది.

"నిన్ను పంపలేదు గద అక్కా. ఎందుకొచ్చినవ్?"

"గాడ ఫ్యాను గాలి ఎక్కువైంది" అంది.

తర్వాత మావ్‌షి వచ్చింది. తర్వాత కొత్త కోడలు పిల్ల. ఆ తర్వాత మిగతా వాళ్లు ఇద్దరిద్దరుగా, టిఫిన్ డబ్బాలతో సహా. జల్లెడలు చాలలేదు. జల్లెడ దొరకని వాళ్లు ఊరికే కూర్చున్నారు. అటు పక్క గుండ్ల బల్ల మీద విప్పిన టిన్నులు అలాగే ఉన్నాయి, వాటి ముందు ఒక్క మనిషి లేదు. బయట కంపెనీ వాళ్ల లారీ వచ్చి నిలబడింది.

జమాయి షెడ్డు గుమ్మంలోకి వచ్చి అరిచాడు. ఆ బల్ల దగ్గర ఎవరు కూర్చుంటారని.

జల్లెడ ఆపకుండానే టెంఘర్ అక్క జవాబు చెప్పింది. "గుండ్లకు విలువెక్కువ గద సార్. దొంగలను గాడ కూసోపెట్టద్దు. మేం ఈ ముక్కల కాడ్నే ఉంటం. వీటిని ఎవలు దొంగిలిస్తరు?"

నేనే ఆ మాటను హిందీలోకి మార్చి ఆయనకు చెప్పాను. అంత సంతోషంగా నేను ఏ మాటనూ ఎవరికీ చెప్పలేదు.

మధ్యాహ్నం భోజనాల వేళకు ముసలి సేఠ్ వచ్చాడు. ఖాళీ బల్ల చూశాడు, లారీని చూశాడు, షెడ్డులో మమ్మల్ని చూశాడు. అల్లుణ్ని అందరి ముందు ఒక్క మాట అనలేదు, అనడు కూడా. నన్ను పక్కకు పిలిచి ఏం కావాలని అడిగాడు. తలాశీ ఇక ముందెప్పుడూ ఉండకూడదన్నాను. టిన్నులు రేకుల కింది నుంచి దింపించమన్నాను. మావ్‌షిని దొంగ అన్నది తప్పని అల్లుడి చేత ఆమెకే చెప్పించమన్నాను. మొదటి రెండూ జరిగాయి. మూడోది జరగలేదు. ఆ కొరత నాకు ఇప్పటికీ ఉంది. నన్ను మళ్లీ ముకాదంను చేశారు, అది నేను అడగలేదు. నేను అక్కడ పని మానేసే దాకా ఆ గేటు దగ్గర ఆడమనిషి మీద ఎవరూ చేయి వేయలేదు.

ఒక సంగతి ఇక్కడే చెప్పేస్తాను. పండగ అయ్యాక, సీజన్ లేదన్న వంకతో టెంఘర్ అక్కను పనిలోకి తీసుకోలేదు. మేం వెళ్లి అడిగాం, కొన్ని రోజులు పని ఆపాం కూడా. కానీ అది పని లేని కాలం, మేం ఆపినా ఆగేదేమీ లేదు. ఆమె టెంఘర్‌లోనే ఒక బడిలో ఆయాగా చేరింది. ఆమెను గెలిపించలేకపోయాం. అది నిజం. అయితే ఆమె కథను ఆ మాటతో ముగించడం నాకిష్టం లేదు. అందుకే దీపావళికి ముందు రోజు జరిగింది చివరికి ఉంచాను.

ఏటా పండగకు సేఠ్ పనివాళ్లందరికీ కాగితం సంచుల్లో జీడిపప్పు ఇచ్చేవాడు. ఎప్పుడూ ముక్కలే. ఆ ఏడు కూడా మునీమ్ సంచులు బల్ల మీద వరుసగా పేర్చాడు. టెంఘర్ అక్క తన సంచి విప్పి చూసి, మడిచి, మళ్లీ బల్ల మీదే పెట్టింది.

"ఇవి వద్దు. గుండ్లియ్యుండ్రి."

"పండగ పూట ఎందుకు గొడవ?" అన్నాడు మునీమ్.

"గొడవ గాదు. ఏడాదంతా ఏరిచ్చినం గద. పండగకు మేం ఏరినయే మాకియ్యుండ్రి."

ఆమె సంచి పక్కన నా సంచి పెట్టాను. మావ్‌షి పెట్టింది. చూస్తుండగానే బల్ల నిండిపోయింది. మునీమ్ లోపలికి పోయాడు, చాలాసేపటికి వచ్చాడు. ఎవరు ఒప్పుకున్నారో, ఎలా ఒప్పుకున్నారో చెప్పలేదు. ఒక టిన్ను విప్పి, సంచుల్లోవి మార్చడం మొదలుపెట్టాడు.

గేటు దాటాక కోడలు పిల్ల అడిగింది. "ఇంటికి కొంచవోదామా అక్కా?"

"కొన్ని కొంచవోండ్రి" అంది టెంఘర్ అక్క. "కొన్ని ఈడ్నే తిందాం. అందరు చూడాలె."

వాచ్‌మన్ ఎదురుగా, లారీల వాళ్ల ఎదురుగా, గేటు పక్కన రోడ్డు అంచున వరుసగా కూర్చున్నాం. నేను అంతవరకు ఎన్ని క్వింటాళ్ల గుండ్లు ఏరానో, ఒక్కటి కూడా నోట్లో వేసుకోలేదు. ఒక గుండు తీసి కొరికాను. పక్కన మావ్‌షి కళ్లు మూసుకుని చాలాసేపు నమిలింది.

"చవ్ తీచ్ ఆహే గం" అంది చివరికి. రుచి అదేనే, ముక్కదీ దీనిదీ ఒకటే అని.

టెంఘర్ అక్క నవ్వి, సంచిలోంచి ఇంకో గుండు తీసి ఆమె చేతిలో పెట్టింది.